ఆది రవిక

మన యిండ్లలో రవికలు కుట్టనిచ్చునప్పుడు క్రొత్తగుడ్డతోపాటు పాతరవిక నొకదానిని కొలతకై యిచ్చు నాచారము కలదు. దానికి ఆది యని పేరు. ఆ పాతదానిలో బిగిసినచోట కొంచెము వదులుగను, వదులైనచోట కొంచెము బిగువుగను కుట్టుమని నోటిమాటగా చెప్పి పంపుదుము. ఇందు సౌకర్యము కలదు. కుట్టువారు మన యింటికి రానక్కరలేదు. మనము వారి యింటికి పోనక్కరలేదు. ఇంతవరకు దోషమేమియు లేదు. కాని యీ చిన్న యాచారము మాటున మరియొక పెద్ద యాచారము దాగియుండగలదని నేను చాలకాలము గ్రహింపలేదు. గ్రహించిన పిమ్మటను చాలకాలము మాటాడలేదు. ఆ రెండవ తప్పును ఒప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

విజయనగరమునకును శ్రీకాకుళమునకును నడుమ నున్న యొక గ్రామమున నేను బడిపంతులను. ఊరికి వెలుపల, చెరువుగట్టు దాటిన పిమ్మట, ఒక కాలనీ కలదు. ఊరివారు దానిని కాలనీ యని మాత్రమే యందురు. ఏ కులమువారిదో చెప్పనక్కరలేదు, విన్నవారికి తెలియును. అచ్చటినుండి వచ్చు నొక బాలిక మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఒక యేడు జూను మాసమున బడి తెరచిన దినమున ఆ బాలిక తొడిగికొని వచ్చిన దుస్తులను చూచి నేను ఆశ్చర్యపడితిని. మెడపట్టీ చక్కగా నిలిచియున్నది. జేబు వంకర లేదు. చేతిమడత లోపలివైపునను దారపుపోగు వ్రేలాడుట లేదు. తక్కిన పిల్లల దుస్తులు దొంతరలుగా కుట్టించినవి. రెండుమారులు ఉదుకగనే చంకలలో విడిపోవునవి. "ఎవరు కుట్టారమ్మా?" అని యడిగితిని. "మా అమ్మండి" అని యా బాలిక తలవంచుకొని చెప్పెను. మంచిపని చేసినవారి బిడ్డ తలవంచుకొన నేల యని నాకు తోచినది గాని, అప్పుడు నే నేమియు ననలేదు.

మా యింట మా యమ్మ యున్నది. డెబ్బది యేండ్లు దాటినవి. పూర్వాచారము విడువని మనిషియే గాని దయ లేని మనిషి కాదు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కాలనీవారికి మూడుదినములు గంజి కాచి పంపినది. పంపినది, తాను పోలేదు. ఆ బాలిక తల్లి కుట్టు బాగుగ నున్నదని నేను చెప్పగా, మా యమ్మ తన పాతరవిక నొకదానిని ఆదిగా ఆ బాలికచేతికే యిచ్చి పంపినది. నాలుగుదినములకు క్రొత్తరవిక వచ్చినది. అది చంకలో బిగిసినది. రెండవదియు నట్లే బిగిసినది. "దానికి కుట్టు రాదురా" అని మా యమ్మ తేల్చివేసెను. నేను రవికలను పుచ్చుకొని కాలనీకి పోతిని.

ఆమె పాతరవికను, క్రొత్తరవికను యంత్రముపై నొకదానిమీద నొకటి పరచి చూపెను. రెండును వెండ్రుకవాసి తేడా లేకుండ నొకటిగానే యుండెను. ఆమె మాటలను ఆమె పలికినట్లే వ్రాయుచున్నాను: "నాను ఆదికి తప్పు సెయ్యనేదు బాబూ. ఆదే పాతది. అమ్మగారి ఒళ్లు ఇప్పటిది. ఒక్కపాలి నన్ను టేపు పెట్టనిస్తే సరిగ్గా కుట్టీసేదాన్ని."

నాకు సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి మా యమ్మతో ఆది పాతదయ్యెనని మాత్రము చెప్పితిని, టేపుమాట చెప్పలేదు. ఆ సాయంకాలమే మరియొకటి చూచితిని. విప్పి సరిచేసి తెచ్చిన యా రవికను మా యమ్మ నూతిపళ్లెమునొద్ద బకెట్టునీటిలో ముంచుచుండెను. "కొత్తగుడ్డ కదా, గంజి పోవాలి" అనెను. కాని పట్టణమున దర్జీ కుట్టిన రవికలకు ఆ గంజి యెన్నడును అడ్డురాలేదు. వానిని మడత విప్పి యట్లే తొడిగికొనెడిది. నేను చూచితిని, తెలిసికొంటిని, లోనికి పోయి పత్రిక చదువుకొంటిని. అంటరానితనము రద్దుచేయబడినదని చెప్పు రాజ్యాంగపు 17వ అధికరణము 1950 జనవరి 26 నుండి మనదేశమున నమలులో నున్నది. ఆ సంగతిని ప్రతి సంవత్సరమును పిల్లలకు బోధించువాడను నేనే.

ఆనాటినుండి ఏదో యొక నెపమున కాలనీకి పోయి వచ్చుట నా కలవాటయ్యెను. ఆ వాడలో ఆరు కుట్టుయంత్రము లుండెను. అన్నియు ఎవరో దయతో నిచ్చినవే. ఇచ్చినదినమున సభ జరిగినదట, పూలదండలు వేసిరట, ఛాయాచిత్రములు తీసిరట. కాని యారింటిలో మూడు యంత్రములపై పాతచీరలు కప్పియుండెను. ఒకదాని బెల్టు తెగి యేడాదియైనది. కారణ మడుగగా నాకు తెలిసినది యిది. యంత్రము త్రొక్కుట కొలదినాళ్లలో వచ్చును. గుడ్డ కత్తిరించుట అట్లు రాదు. కుట్టు తప్పినచో విప్పి మరల కుట్టవచ్చును; కత్తెర తప్పినచో గుడ్డ పోయినట్లే. పట్టుగుడ్డ నొకదానిని పాడుచేసిన స్త్రీ దాని ఖరీదు కట్టుకొనవలసివచ్చి, మరల కత్తెర ముట్టుటకు భయపడి, చీరలకు ఫాలు కుట్టుట, కాజాలు తీయుట, హుక్కులు వేయుట అను చిల్లరపనులతో సరిపెట్టుకొనుచుండెను. ప్రక్కయింటిలోనే చక్కగా కత్తిరింపగల యామె యుండెను. కాని యామె నడుగుటకు ఈమెకు నామోషి. నేర్పుటకు ఆమెకు భయము. ఉన్న పనియే తక్కువ గదా!

ఈ భయము ఊరక పుట్టినది కాదు. పట్టణమునుండి లోపావడాల పని తెచ్చి యిచ్చు నొక వర్తకుడు, ఒక్కొక్క గుమ్మమునొద్ద నొక్కొక్క ధర చెప్పెడివాడు. "ప్రక్కయింటామె యింతకంటె తక్కువకే కుట్టుచున్నది" అని చెప్పి యీమె ధర తగ్గించి, ఈమె ధర చూపి మరల ఆమె ధర తగ్గించెడివాడు. గోడ కీవల నొకరు, గోడ కావల నొకరు, రాత్రి పదిగంటలవరకు యంత్రము త్రొక్కుచు, ఒకరి యంత్రపు చప్పుడు ఒకరు వినుచు, ఒకరి నొకరు శత్రువులుగా తలచుచుండిరి. ఇద్దరికిని వెన్నునొప్పి యొకటే, కండ్లమంట యొకటే, ఆ సంగతియైనను చెప్పుకొన్నవారు కారు.

1924లో గాంధీమహాత్ముడు యంత్రములను గూర్చి ముచ్చటించుచు, సింగరు కుట్టుయంత్రమును మాత్రము మినహాయించి, మనుష్యుడు కనిపెట్టిన కొలదిపాటి యుపయోగకరములైన వస్తువులలో నది యొకటి యనెను. అందు సందేహము లేదు. మన సంస్కర్తలును స్త్రీలకు చేతిపని నేర్పి వారిని నిలువబెట్టవలెనని యెంచినవారే. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరున శారదానికేతనమును నెలకొల్పిరి. 1937లో దుర్గాబాయమ్మగారు మదరాసున ఆంధ్రమహిళాసభను స్థాపించిరి. అచ్చట స్త్రీలకు విద్యతోపాటు మరియొకటి లభించెను: తమవంటి స్త్రీల ప్రక్కన కూర్చుండు చోటు. మనము ఆ పుణ్యకార్యములనుండి పనిముట్టును గ్రహించి, చోటును మరచితిమి. యంత్రము నొక యింటిలో దింపి వచ్చినంతమాత్రమున స్త్రీకి మేలు చేసితి మనుకొనుచున్నాము.

ఈ సంగతి క్రొత్తది కాదు. నరసాపురపు లేసుపని దీనికి తార్కాణము. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు గోదావరిప్రాంతమున ప్రవేశపెట్టిన యా పని వేలకొలది స్త్రీలకు జీవనాధారమై, దాని సరకు సముద్రములు దాటిపోయినది. 1982లో మారియా మీస్ అను జర్మను విదుషీమణి దానిని గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఎన్నియో గంటలు లేసు అల్లుచున్నను, వారు పనివారుగా లెక్కకు రాక, తీరిక సమయమున నేదో చేసికొను గృహిణులుగనే యెంచబడిరనియు, ఎవరి యింట వారుండుటచే కూడుకొనుట కష్టమాయెననియు, వ్యాపారపు లాభము పురుషులచేతికి పోయెననియు ఆమె చూపెను. ఇల్లు కదలకుండ చేయుపని గౌరవమైన పని యని మనవారి నమ్మిక. ఆ గౌరవమునకు మూల్యము చెల్లించినవారు ఆ స్త్రీలే.

దీనికి భిన్నమైన నిదర్శనము మన శ్రీకాకుళపు సీమలోనే కలదు. పొందూరులో స్త్రీలు వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని ఏకి, సన్ననూలు వడకుదురు. ఆ నేర్పు ఎంత గొప్పదైనను, ఒక్కొక్కరు విడివిడిగా సంతలో నూలు నమ్ముకొనవలసివచ్చినచో ఆ పని యేనాడో యంతరించియుండునని నా నమ్మకము. 1949లో నచ్చట ఖాదీకార్మికాభివృద్ధిసంఘ మేర్పడెను. వడకువారికిని నేయువారికిని వచ్చు ప్రతిఫలము చాలునా యను ప్రశ్న వేరు. కాని నూలునకు నాలుగురెరిగిన ధర యొకటి కలదు, నూలు తెచ్చి యిచ్చుటకు గుమ్మ మొకటి కలదు. వడకువారికి సంఘ మున్నది. నేయువారికి సంఘ మున్నది. ఆ గుడ్డను మన యొంటికి తగినట్లు కుట్టువారికి మాత్రము ఎందుకు లేదు?

పొదుపుసంఘములు లేవా యని చదువరు లడుగవచ్చును. ఉన్నవి. 2000 సంవత్సరమున వెలుగు పథకము మొదట ఆరు జిల్లాలలో ప్రారంభమైనప్పుడు అందు శ్రీకాకుళమును, విజయనగరమును చేరియుండెను. ఆ సంఘములవలన మా గ్రామపు స్త్రీలు బ్యాంకుమెట్లెక్కిరి, సంతకము నేర్చిరి. కాని కాలనీలో నే నడిగినప్పుడు ఆ బాలిక తల్లి యిట్లనెను: "ఆడ డబ్బు లెక్కెడతాం, ఇళ్లకెల్లిపోతాం. కుట్టుమాట ఆడకి రాదు బాబూ." అయినను ఒక్కమారు వచ్చినది. 2020 వేసవిలో కరోనా మహమ్మారి ప్రబలినప్పుడు, రాష్ట్రమున మనిషికి మూడు చొప్పున 16 కోట్ల ముసుగులను పంచవలెనని ప్రభుత్వము నిశ్చయించి, ఆ కుట్టుపనిని ఈ సంఘముల స్త్రీలకే యప్పగించెను. అప్పుడు మా కాలనీలో పాతచీరలు కప్పిన యంత్రములుకూడ కదలెను. పని విశేషమైనది కాదు; ఎవరైనను కుట్టదగినది. విశేష మేమనగా, ధర అందరికిని ఒక్కటే, అందరికిని తెలిసినదే. ఆ కొలదివారములలో వారు ఒకరి యింటి కొకరు పోయి దార మడిగి పుచ్చుకొనిరి. పని ముగియగనే గోడలు మరల లేచెను.

ఇది చూచి, నేనే యొక సంఘము స్థాపింపవలెనని నాకు ఉత్సాహము పుట్టెను. ఒక ఆదివారము సాయంకాలము ఆ స్త్రీల నందరను బడివసారాకు పిలిపించితిని. నేను కుర్చీలో కూర్చుంటిని. వారు చాపలపై కూర్చుండిరి. ఐకమత్యమును గూర్చి గడ్డిపోచల త్రాటికథ చెప్పితిని. పిమ్మట చిట్టా తెరచి, ఎవరెవరు లోపావడాకు ఎంతెంత పుచ్చుకొనుచున్నారో చెప్పుడని యడిగితిని. ఎవరును నోరు మెదపలేదు. రెండవ ఆదివారము ముగ్గురు వచ్చిరి. మూడవ ఆదివారము నేనును, చిట్టాయు మిగిలితిమి. వారికి కృతజ్ఞత లేదని ఆ రాత్రి నాలో నేను విసుగుకొంటిని. మరునాడు త్రోవలో ఆ బాలిక తల్లి యెదురుపడి, నే నడుగకుండగనే చెప్పెను: "సాయంత్రం నీళ్లొచ్చే యేళ బాబూ, పొయ్యి మీద కుండెట్టే యేళ. అదీ గాక, తక్కువకి కుట్టినామని నలుగురిలో ఎవుర్తి సెప్పుకుంటాది? మీరు పిలిస్తే మరియాదకి వొచ్చినాం. మాకు మేం పిల్సుకుంటే ఉండిపోతాం."

ఇరువదియేండ్లకు పైగా బోధన చేసిన నాకు ఆ నాలుగుమాటలలో నున్న పాఠము క్రొత్తది. వారి సిగ్గును సభలో పెట్టి, దానికి చిట్టా వ్రాయబోయినవాడను నేను. వారికి లేనిది ఉపన్యాసము కాదు. పనివేళ కలిసివచ్చు చోటు, పదిమంది వినకుండ తమలో తాము మాట్లాడుకొను తీరిక.

ఆ పిమ్మట వారు చేసినదానిలో నాకు భాగము లేదు. చూచినది మాత్రమే చెప్పుచున్నాను. మొదట ఇద్దరు తమ యంత్రములను ఆ బాలికయింటి వసారాలోనికి మార్చిరి. మధ్యాహ్నపువంట ముగిసిన పిమ్మట, పిల్లలు బడినుండి వచ్చువరకు, అచ్చట కూర్చుండి కుట్టుకొనెడివారు. సంక్రాంతి వచ్చునప్పటికి నలుగు రైరి. కత్తెర తెలిసిన యామె అందరి గుడ్డలను కత్తిరించుటకు మొదలిడెను. అందుకు ప్రతిగా తక్కినవారు ఆమె కాజాలు తీసిరి, హుక్కులు వేసిరి. కత్తిరించునప్పుడు ప్రక్కన కూర్చున్నవారికి, పాఠ మని పేరు పెట్టకుండగనే, కత్తెర వచ్చినది. పాతపత్రికలపై గీసి కత్తిరించి అభ్యసించిరి, పట్టుగుడ్డపై కాదు. ఒకామెకు ప్రసవము కాగా, ఆమె పుచ్చుకొన్న పనిని తక్కినవారు ముగించి, ఆ డబ్బు ఆమె కిచ్చిరి. ఒకనాడు లోపావడాల వర్తకుడు వచ్చి అలవాటు చొప్పున ఒకరిమాట నొకరికి చెప్పబోయి, అందరును ఒక్కచోటనే యుండుట చూచి మాట మింగెనట. ఆ వారముననే, గోడమీద సుద్దముక్కతో ధరల పట్టిక వెలసెను. ఆ వ్రాత నా శిష్యురాలిది, అక్షరదోషములు రెండుండెను, నేను దిద్దలేదు.

కొన్నినెలలకు ఊరిలోని వేరొక కులపు స్త్రీ, భర్త వలసపోగా ఒంటరిగా కుట్టుకొని బ్రతుకుచున్నది, కత్తెర నేర్చుకొనుటకై అచ్చటికి వచ్చెను. మొదటిదినములలో తన మంచినీళ్లు తానే సీసాతో తెచ్చుకొనెడిది. ఎప్పుడు మానెనో యెవరును గమనింపలేదు. ఒకనాడు నేను పోవునప్పటికి ఆమె వారి గ్లాసుతోనే టీ త్రాగుచు, ఒక చంకముక్క కుదరక కోపముతో గొణుగుచుండెను. ఆ గొణుగుడును వినునప్పుడు, నే నిన్నాళ్లు సభలలో చేసిన యుపన్యాసములు నాకు జ్ఞాపకము వచ్చి సిగ్గు కలిగెను.

ఆ సంవత్సరమే తరగతిలో రోజా పార్క్సు కథ చెప్పవలసివచ్చినది. 1955 డిసెంబరు 1వ తేదీన అమెరికాదేశపు మాంటుగొమరి పట్టణమున, బస్సులో తెల్లవానికి చోటు విడువ నిరాకరించి ఖైదైన నల్లజాతి స్త్రీ యామె. కథ ముగియగనే నా శిష్యురాలు లేచి, "ఆవిడ ఏం పని చేసేవారండి?" అని యడిగెను. "కుట్టుపని. పెద్ద దుకాణంలో బట్టలు కుట్టి సరిచేసేది" అని చెప్పితిని. ఆనాడు ఆ బాలిక తలవంచుకొనలేదు. ఆ ప్రశ్నవలననే నేను ఆ దేశపు నల్లజాతి స్త్రీల కుట్టుపని చరిత్రను వెదకి చదివితిని.

చదువగా తెలిసిన దేమనగా, వారికి సూది ఆదినుండియు స్వేచ్ఛతో ముడివడియున్నది. ఎలిజబెత్ కెక్లీ 1818లో దాస్యమున పుట్టినది. ఆమె కుట్టిన దుస్తులు తొడిగిన గృహిణులు అప్పిచ్చి తోడ్పడగా, 1855లో తన్నును తన కుమారునిని 1,200 డాలర్లకు విడిపించుకొని, ఆ యప్పును సూదితోనే తీర్చెను. పిమ్మట అధ్యక్షుడగు లింకనుగారి భార్యకు దుస్తులు కుట్టినది. అంతటితో తృప్తిపడక, 1862లో, దాస్యమునుండి తప్పించుకొని రాజధానికి వచ్చిన నిరుపేదలకై నల్లజాతివారిచేతనే యొక సహాయసంఘమును స్థాపింపజేసెను.

మరియొక వృత్తాంతము మన కింకను దగ్గరిది. అలబామా రాష్ట్రపు విల్కాక్సు మండలమున నల్లజాతి స్త్రీలు పాతగుడ్డపీలికలను కూర్చి, మన బొంతలవంటివి కుట్టుకొనెడివారు. చలికి కప్పుకొనుటకే గాని అమ్ముటకు కాదు. 1965 ప్రాంతమున ఓటు హక్కుకై పేరు వ్రాయించుకొన్న నేరమునకు అచ్చటి కుటుంబములు కొన్ని పనిని, ఇంటిని పోగొట్టుకొనెను. 1966లో ఆ స్త్రీలు ఫ్రీడం క్విల్టింగ్ బీ, అనగా స్వేచ్ఛాబొంతల కూటము, అను సహకారసంఘముగా నేర్పడి తమ బొంతలను న్యూయార్కునగరమున వేలము వేయించిరి. ఫ్రాన్సిస్ వాల్టరు అను తెల్లజాతి మతాచార్యుడు తోడ్పడెను గాని, పనిని నడపినది ఎస్టెల్ విథర్‌స్పూన్ మొదలగు ఆ స్త్రీలే. 1969లో సొంతనేల కొని, కుట్టుశాల కట్టుకొనిరి. ఆ నేలలో కొంతభాగమును ఇండ్లు పోయిన కుటుంబములకు అమ్మిరి. నాలుగు దశాబ్దములకు పైగా ఆ సంఘము నిలిచెను. చెరువుగట్టు కావల నున్న వసారాలో నేను చూచినదియు, ఆ కుట్టుశాలయు పరిమాణమున పోల్చదగినవి కావు. కాని రెండింటికిని మూల మొక్కటే: పనికి తగిన ధర, ఒకరి కొకరు తోడు, తలయెత్తి కూర్చుండు తావు.

ఇక మా యింటి సంగతి. పోయిన చలికాలమున మా యమ్మకు కుడిభుజము పట్టివేసి చేయి లేవకపోయెను. ఉన్న రవికలేవియు తొడుగుకొనుటకు రాలేదు. ఆది యిచ్చుటకు వీలు లేదు. అట్టి రవిక మా యింట లేదు గదా! నేనే పోయి ఆ బాలికతల్లిని పిలుచుకొని వచ్చితిని. ఆమె మెడలో టేపు వేసికొని, వీధిమెట్టునొద్ద నాగెను. ఆగుమని యెవరును చెప్పలేదు. నేను రమ్మనలేదు. ఆ క్షణమునను నేను మా యమ్మ ముఖమువైపే చూచితినని చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. మా యమ్మ లోపలినుండి, "అక్కడ నిలబడితే కొలతలెలా తీస్తావే అమ్మాయీ? లోపలికి రా" అనెను.

ఆమె వచ్చి, మా యమ్మ చేతిని మోచేతియొద్ద పట్టుకొని, లేచినంతవరకే లేపి, "నొప్పెడితే సెప్పండమ్మగారూ" అనుచు కొలిచెను. ముందువైపు పూర్తిగా తెరచుకొనునట్లును, చేతులు వెడల్పుగ నుండునట్లును, హుక్కులకు మారుగా టిచ్ బటన్లు పెట్టియు మూడు రవికలు కుట్టి తెచ్చెను. మా యమ్మ వెల యడిగెను. గోడపట్టికలోని వెల ఆమె చెప్పెను. "అంతా!" అని మా యమ్మ యాశ్చర్యపడెను, లెక్కపెట్టి యిచ్చెను. ఆ రవికలను తొడుగుకొనుటకు ముందు నీట ముంచెనో లేదో నే నెరుగను. పాత ఆదిరవిక యింకను పెట్టెలోనే యున్నది. డెబ్బదియేండ్ల యలవాటు మూడు రవికలతో తీరునని నేను వ్రాయజాలను. కాని మెట్టుమీద నిలిచినామెను పిలిచినది మా యమ్మ. చదువుకొన్న కుమారుడు కాదు.

ఈ పత్రిక చదువు గృహిణులకును, గృహస్థులకును నా విన్నప మొక్కటే. మీ యూరను ఇట్టి స్త్రీలు యంత్రముతో నొంటరిగా కూర్చుండియుందురు. వారికి సంఘము మీరు కట్టనక్కరలేదు. నేను కట్టబోయి భంగపడితిని. వారు కూర్చుండుటకు వసారా చూపుడు. వారు కోరినప్పుడే పొండు. ఒకరి ధర మరియొకరికి చెప్పి బేరమాడకుడు. పండుగ ముందటిదినమున గుడ్డ యిచ్చి తెల్లవారునప్పటికి కావలెననకుడు. పని చూచి వెల యిండు. మీ బిడియము ననుసరించి ఆది యిచ్చినచో ఇండు గాని, అది బిడియమో వేరొకటియో ఒక్కమారు మీలో మీరు విచారించుకొనుడు. వీలైన నాడు ఆ తల్లిని లోనికి పిలిచి, కూర్చుండబెట్టి, టేపు వేయనిండు. మన కొలత మారి చాలకాలమైనది. ఆ సంగతి కుట్టువారికి మనకంటె ముందే తెలిసినది.